పెన్సిలు పని నేర్పిన వదినె

మా వదినె పోయింది. ఇరవై రోజులు దాటింది. నాలుగు రోజులు జ్వరం వచ్చింది, అయిదో రోజు పొద్దున కామారెడ్డిలో మా ఇంట్లోనే కన్నుమూసింది. మన ఫోటోగ్రాఫర్ల సంఘంలో చాలామందికి ఆ రోజే కబురందింది. ఎల్లారెడ్డి వాళ్ళు మధ్యాహ్నం మోటారు బస్సులో వచ్చి చివరి చూపు చూసుకున్నారు. కబురు అందనివాళ్ళ కోసం, ఆమెను ఎరగని కొత్తవాళ్ళ కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

వదినెది మాచారెడ్డి దిక్కు రైతు కుటుంబం. మా అన్న స్టేషన్ దగ్గర ఫోటోల దుకాణం పెట్టిన ఏడాదే ఆమె మా ఇంటికి వచ్చింది. ఇంటి ముందు గదే దుకాణం. ఒక రంగుల పర్దా, ఒక కుర్చీ, మూడు కాళ్ళ మీద కెమెరా, అంతే సరంజామా. వెనక వసారాలో కిటికీకి ఆనించి ఒక వాలుబల్ల ఉండేది. అన్న పెన్సిలు పని చేసేది అక్కడే.

పెన్సిలు పని అంటే తెలియనివాళ్ళకు చెబుతాను. కెమెరాలో బొమ్మ పడిన గాజు ప్లేటును మందులో కడిగి ఆరబెట్టాక, దాన్ని వెలుతురుకు ఎదురుగా పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిలుతో ముఖం మీది మచ్చలనూ ముడతలనూ సన్నని గీతలతో పూడ్చుతాం. పని బాగా కుదిరితే, చేసినట్టు ఎవరికీ తెలియదు. కుదరకపోతే ముఖం పిండిముద్దలా అవుతుంది.

కొన్నేళ్ళకు అన్నకు చూపు మందగించింది. ఆయన బయటపడలేదు. ఫోటోల్లో ముఖాల మీద పెన్సిలు గీతలు పేరుకుపోతున్నాయని ముందుగా కనిపెట్టింది వదినె. ఒకరోజు నన్ను వంటింటి గడప దగ్గర ఆపి, "మీ అన్నకు కండ్లు సక్కగ కనవడ్తలేవు. నాకు పెన్సిలు ఇయ్యుమని చెప్పు, నేను చేస్త" అంది.

నేను నవ్వాను. అన్నకు చెబితే ఆయన నవ్వలేదు. పగిలినవీ పాడైనవీ పనికిరాని ప్లేట్లన్నీ ఏరి ఆమె ముందు పెట్టాడు. రోజూ మధ్యాహ్నం గిన్నెలు కడుక్కున్నాక ఆమె బల్ల ముందు కూర్చునేది. ఆ సన్నని గీతలు అన్నకు కనబడవు కదా, అందుకని పక్కనే కూర్చుని చెవి పెట్టి వినేవాడు. పెన్సిలు చప్పుడు వినబడితే గట్టిగా ఒత్తుతున్నట్టు లెక్క. వెంటనే తేలిక చేయమనేవాడు. ఆ చప్పుడు పూర్తిగా మాయం కావడానికి ఆరు నెలలు పట్టింది. ఆ తర్వాత మా దుకాణంలో పెన్సిలు పనంతా ఆమెదే. ఊళ్ళో మాత్రం అన్నదే అనుకునేవారు. నేనూ అలాగే అనుకోనిచ్చాను.

అప్పట్లో మన సంఘం అంటే ఏడుగురం. ఎవరికి తెలిసిన పని వాళ్ళు దాచుకునే రోజులు. ఎట్లాగో అందరం ఒక మాట మీదికి వచ్చి, హైదరాబాదు నుంచి పెన్సిలు పని నేర్పడానికి ఒక మాస్టరు సాబును రెండు రోజుల కోసం పిలిపించాం. వదినె తానూ వస్తానంది. మూలన కూర్చుని వింటాను, మాట్లాడనని చెప్పింది. ఆడవాళ్ళు వస్తే బాగుండదు, మిగతావాళ్ళు ఒప్పుకోరు అన్నాను. నిజానికి నేను ఎవరినీ అడగలేదు. ఆ సిగ్గు నాది. ఈ మాట ఆమె బతికి ఉండగానే చెప్పి ఉండాల్సింది.

ఆమె పట్టుబట్టలేదు. నన్నే పోయి బాగా చూసి రమ్మంది. సాయంత్రం ఇంటికి రాగానే అడగడం మొదలుపెట్టింది. కంటి కింద నలుపు తీసినప్పుడు కన్ను ఉబ్బినట్టు కాకుండా ఎట్లా? చెంప మీద గీత ఎటు తిరగాలి? ఒకసారి తప్పు పోతే తుడిచి మళ్ళీ మొదలుపెట్టొచ్చా? ఇవేవీ ఆయనను అడగాలని నాకు తోచనే లేదు. రోజంతా ముందు వరసలోనే కూర్చున్నాను మరి. ఆమె లోపలికి వెళ్ళి, రెండు ప్లేట్లు పాత చీర ముక్కలో చుట్టి తెచ్చింది.

"రేపు ఇవి ఆయనకు చూపెట్టు. ఎవరు చేసిండ్రో చెప్పకున్నా మంచిదే. తప్పు ఎక్కడున్నదో అడుగు, సాలు."

మాస్టరు సాబు ఆ ప్లేట్లను కిటికీకి ఎత్తి చాలాసేపు చూశాడు. ఇది ఎవరి చేతి పని అని అడిగాడు. అందరూ నా వైపే చూస్తున్నారు. చివరికి, మా వదినెదని చెప్పాను.

"మరి ఆమెను ఇంట్ల కూసోబెట్టి నువ్వొచ్చినవా?" అన్నాడాయన.

ఆ రోజు ఆయన ఎక్కాల్సిన రైలు ఎక్కలేదు. నేరుగా మా ఇంటికి వచ్చాడు. వెనకే మిగతావాళ్ళంతా వచ్చారు. వదినె కొంగు తల మీదికి లాక్కుని బల్ల ముందు కూర్చుంది. మొదట తన సందేహాలు అన్న చెవిలో చెప్పి ఆయనతో అడిగించింది. కాసేపటికి అన్నను మరిచిపోయి తానే నేరుగా అడగసాగింది. ఆ పూట ఆమె పుణ్యాన మేమందరం నేర్చుకున్నది, ముందటి రోజు నేర్చుకున్నదానికంటే ఎక్కువ. ఆ తర్వాత తరగతులన్నీ ఎక్కడ జరిగాయో మీకు తెలుసు. మా వెనక వసారాలోనే.

మాస్టరు సాబు వెళ్ళాక కూడా కార్డులు రాసేవాడు. కొత్త కాగితం వచ్చిందనో, సికింద్రాబాదులో ఫలానావారు పెద్ద సైజు ఫోటో తీయడం చూపిస్తున్నారనో. మొదట్లో ఆ కార్డులు నాతో చదివించుకునేది. నేను తీరిక లేదని రెండుసార్లు అన్నానేమో, తానే అక్షరాలు నేర్చుకుంది. ఏ సంగతైనా తెలిసిందంటే మోటారు డ్రైవరు చేత వెంటనే ఎల్లారెడ్డి వాళ్ళకు చెప్పి పంపేది. తెలిసిన పని దాచుకుంటే మురిగిపోతుందనేది.

ఎల్లారెడ్డిలో ఒక రైతు ఇంట్లో ముసలవ్వ ఫోటో తీయాల్సి వచ్చింది. మగవాళ్ళ ముందు కూర్చోనని అవ్వ మొండికేసింది. నేను కెమెరా నిలబెట్టి బయటికి వచ్చేశాను. నల్లగుడ్డ కింద తల దూర్చి ఫోటో తీసింది వదినె. అప్పటికే యుద్ధం వల్ల ప్లేట్లు దొరకడం కష్టంగా ఉంది. ఉన్నది ఒకటే ప్లేటు. అందుకని వదినె మొదట అవ్వ దగ్గర కూర్చుని ఆమెతో వడ్ల గురించీ బర్రెల గురించీ మాట్లాడి మాట్లాడి, అవ్వ కెమెరా సంగతి మరిచిపోయాక తీసింది. ఇంటికి వచ్చాక, తరగతుల్లో నేర్చుకున్నది చూపిద్దామని, ఆ ప్లేటు మీద పెన్సిలు పని నేను చేశాను. అమ్మవారి మచ్చలు, గడ్డం మీది పచ్చబొట్టు, ముడతలు, ఏదీ మిగల్చలేదు. నా పనితనానికి నేనే మురిసిపోయాను. వదినె చూసి, మందులో ముంచిన గుడ్డతో మొత్తం తుడిచేసింది.

"మచ్చ తీస్తే తీయి గని, మనిషిని తీయకు. రేపు మనుమలు చూస్తే, గీమె ఎవరని అడుగుతరు" అంది.

నాతోనే మళ్ళీ చేయించింది. పచ్చబొట్టు ఉంచాను, ముడతలు ఉంచాను. కంటి కింద కాస్త నలుపు మాత్రం తగ్గించాను. అవ్వ కొడుకు ఆ ఫోటో అందుకుని చూశాడు. రెండు చేతులతో పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

ఆ రాకపోకల్లోనే ఎల్లారెడ్డి ఫోటోగ్రాఫరు భార్య వదినె దగ్గర పని నేర్చుకోవడం మొదలుపెట్టింది. తర్వాత ఇంకో ఇద్దరు చేరారు. ఎల్లారెడ్డిలోనే ఆడవాళ్ళకు నెలకోసారి తరగతి పెట్టాలని వదినె అనుకుంది. రోజు కూడా ఖాయం చేసుకున్నాక జ్వరం వచ్చింది. మూడో రోజు నన్ను పిలిచి తరగతి సంగతి అడిగింది. నువ్వు లేచాక చూద్దాంలే అన్నాను.

"నేను లేకుంటే ఆగుతదా ఏంది? ఆ ఎల్లారెడ్డి పిల్లకు పని వచ్చింది. ఆమెనే చెప్పనియ్యిండ్రి."

మొన్న ఆదివారం ఆ తరగతి జరిగింది. ఆ ఫోటోగ్రాఫరు భార్య, మా ఎల్లారెడ్డి చెల్లెనే, పాఠం చెప్పింది. మన పక్కనున్న రాజంపేట నుంచి కూడా ఒకామె వచ్చింది. ఇక మీదట ప్రతి నెలా ఉంటుంది. మీ ఇండ్లలో నేర్చుకోవాలనుకునే ఆడవాళ్ళుంటే పంపండి. మూలన కూర్చోవాల్సిన పనిలేదు.

తరగతి అయిపోయాక చెల్లె పెట్టెలోంచి కాగితంలో చుట్టిన ఒక ప్లేటు తీసింది. వదినె తనంతట తాను ఏనాడూ కెమెరా ముందు కూర్చోలేదు. మూడు నెలల కింద ఈ చెల్లె, వదినె వద్దన్నా వినకుండా, ఆమెను ఫోటో తీసిందట. ప్లేట్లకు కరువొచ్చిన రోజుల్లో ఒకటి పాడుచేశావని వదినె కసిరితే, భయపడి కాగితం మీద అచ్చు వేయకుండా దాచేసిందట. పెన్సిలు పని చేయనా అని నన్ను అడిగింది. వద్దన్నాను.

ఆమె ప్లేటును కిటికీకి ఎత్తింది. ప్లేటులో నలుపంతా తెలుపవుతుంది, మనకు తెలిసిందే. వదినెకు పోయేనాటికి ఒక్క వెంట్రుక కూడా నెరవలేదు. ఆ గాజులో మాత్రం ఆమె జుట్టంతా తెల్లగా ఉంది, ఎనభై ఏళ్ళు చల్లగా బతికిన అవ్వలాగా. ఆడవాళ్ళు ఒక్కొక్కరే వంగి చూస్తున్నారు. కిటికీ అవతల మబ్బు కదిలి ఎండ వచ్చింది. ఆ తెల్లజుట్టు ఇంకా వెలిగింది.