పదో భాగంలో ఆ పాప ఏం చేసిందంటే

పోయిన సంవత్సరం వచ్చిన యానిమేల్లో, అదే జపాను బొమ్మల సీరియళ్లలో, నీకు ఏది బాగా నచ్చింది అని నన్ను ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన కూర్చుని దేవుళ్ల విగ్రహాలు చెక్కే మనిషిని, యాభైకి దగ్గర పడినవాణ్ణి, ఎవరు అడుగుతారు? అడక్కపోయినా చెప్తాను. జపానులో ఒక కొండ ఊరికి, చేత్తో కాగితం చేసే పని నేర్చుకోవడానికి పోయిన పిల్ల కథ అది. దాని పేరు మాత్రం చెప్పను. నేను ఆ పేరు పలికితే మా పాప చెవులు మూసుకుంటుంది.

మా పాపకు పదో తరగతిలో మంచి మార్కులు వచ్చాయి. నంద్యాలలో ఇంటర్ హాస్టల్లో చేర్చాను. చేర్చింది నేనే, ఇంకొకరి మీద నెట్టేది లేదు. "ఇంట్లో ఉండి సదివితే మార్కులు రావా ఏందీ?" అని మా ఆవిడ అంటూనే ఉంది. "రాయి గనిలోనే ఉంటే బొమ్మ అయితాదా?" అని నేనొక పెద్ద మాట అన్నాను. ఆ మాట నాకే చాలా నచ్చింది. నాలుగు రోజులు అందరికీ చెప్పుకుని తిరిగాను.

హాస్టల్లో పిల్లల దగ్గర ఫోన్లు ఉండకూడదు. ఆదివారం పది నుంచి పన్నెండు దాకా తల్లిదండ్రులు వచ్చి కింద వరండాలో పిల్లలను చూడొచ్చు. మా ఆవిడకు బస్సు పడదు, ఎక్కితే వాంతులే. అందుకని క్యారియర్ పట్టుకుని నేనే పోయేవాణ్ణి. మొదటి ఆదివారం పాప దిగి వచ్చింది. అమ్మ ఎట్లుందని అడగలేదు. ఇల్లు ఎట్లుందని అడగలేదు.

"నాయనా, మూడోది చూసినావా?" అంది.

హాస్టల్లో చేరక ముందు నా ఫోన్లో ఆ యానిమే రెండు భాగాలు చూసింది. వారానికి ఒకటి, శనివారం వస్తుంది. "నేనెందుకు చూస్తా? నాకేం పనీపాటా లేదనుకున్యావా?" అన్నాను. పాప మొహం చిన్నబోయింది. క్యారియర్ మూత కూడా తియ్యలేదు. "సరేలే, వచ్చేవారం చూసొచ్చి చెప్తా. ముందు తిను" అన్నాను. అట్లా అది నా మెడకు పడింది.

శనివారం పని అయ్యాక చేతులు కడుక్కుని, సగం చెక్కిన నంది వీపుకు ఫోన్ ఆనించి చూసేవాణ్ణి. నాతో పనిచేసే కుర్రోళ్లు ఊరుకుంటారా? "ఏందన్నా, దినమంతా బొమ్మలు చెక్కి, సాయంత్రం మళ్లా బొమ్మలే చూస్తాండావ్?" అని నవ్వేవాళ్లు. నాలుగో వారానికి వాళ్లు కూడా వచ్చి నా వెనకాల కూర్చున్నారు.

అది తెలుగులో డబ్బింగ్ చేశారు. జపాను వాళ్లంతా గోదావరి ఒడ్డున పుట్టినట్టు "ఏమండీ, రండీ" అంటుంటారు. నేను మా పాపకు చెప్పేటప్పుడు మన మాటలోకి మార్చేవాణ్ణి. కాగితం నేర్పే ముసలమ్మ ఆ పిల్లను చూసి "ఏమ్మే, చేతులా అవి, చీపురు పుల్లలా?" అనేది. అసలు మాట అది కాదు. ఆ ముసలమ్మ మొహానికి మాత్రం అదే సరిపోతుంది.

నిజం చెప్పాలంటే మూడో భాగానికే నేను దాని వలలో పడిపోయాను. అందులో కొట్లాటల్లేవు, మంత్రాల్లేవు. చలికాలం, తొట్టినిండా నీళ్లు, ఆ నీళ్లలో చెట్టు బెరడు గుజ్జు. పిల్ల జల్లెడలాంటి చట్రం ముంచుతుంది, లేపుతుంది, అటూ ఇటూ ఆడిస్తుంది. కాగితం సమంగా రాదు. మళ్లీ ముంచుతుంది. ఆ వేళ్లు ఎర్రబడటం, గోళ్ల పక్కన చర్మం లేవటం ఎంత బాగా గీశారంటే, గీసినవాడెవడో చేతులతో బతికేవాడే అనుకున్నాను. పెద్దపెద్ద కళ్లు మాత్రం నాకు ఎక్కలేదు. మా కొలతల ప్రకారం అంత కళ్లుంటే మొహంలో ముక్కుకు చోటుండదు. ఇంకొకటి బాగా నచ్చింది. కాగితం చేసే ఆ పాకలోకి ఎవరూ చెప్పులతో రారు. గుజ్జులో మట్టి పడుతుందని, పనికి మర్యాద అని. మేమూ విగ్రహం చెక్కే రాయి దగ్గరికి చెప్పులతో పోము. ఎక్కడి జపాను, ఎక్కడి ఆళ్లగడ్డ!

ఉత్తమాటతో కథ చెప్పడం నాకు చేతకాదు. రాయి మీద గుర్తులు గీసుకునే సుద్దముక్క ఎప్పుడూ నా జేబులోనే ఉంటుంది. హాస్టల్ వరండాలో పరిచినవి నల్లటి కడప బండలు. సుద్ద గీత దాని మీద తెల్లగా పలుకుతుంది. ప్రతివారం ఆ భాగంలో నా మనసుకు పట్టిన బొమ్మ ఒకటి బండమీద గీసి, అక్కణ్ణుంచి కథ ఎత్తుకునేవాణ్ణి. రెండు వారాల్లో పక్క పిల్లలు కూడా మా చుట్టూ చేరారు. వాళ్ల అమ్మానాన్నలు గిన్నెలు పట్టుకుని "తినేదిలేదా?" అని అరుస్తుంటే, ఆ పిల్లలు నోట్లో ముద్ద పెట్టుకుని నా దగ్గరికి పరుగెత్తుకొచ్చేవాళ్లు. "అంకుల్, ఆ ముసలమ్మ ఏమన్నాది?" అని అడిగేవాళ్లు. నాకు గర్వంగా ఉండేది. ఇంత వయసులో నేనూ ఒక హరిదాసునయ్యానని మా ఆవిడతో గొప్పలు పోయాను.

ఆ గర్వంలో మా పాపను సరిగా చూడలేదు. మెడ కింద ఎముకలు తేలాయి. పొద్దున అయిదుకు లేపితే రాత్రి పదిదాకా చదువే. రెండుసార్లు అడిగింది, "నాయనా, నేను ఇంటికొస్తా" అని. రెండుసార్లూ "ఓపిక పట్టు పాపా, అలవాటయితాది" అన్నాను. మూడోసారి అడగలేదు. అలవాటయిందనుకున్నాను.

అప్పుడు పదో భాగం వచ్చింది.

ఆ భాగంలో జపాను పిల్ల ఒక పొద్దున లేచి, ముసలమ్మకు చెప్పకుండా బయటికి వస్తుంది. పాక గడప మీద కూర్చుని బూట్లు వేసుకుంటుంది. వాచిపోయిన వేళ్లతో లేసులు కట్టుకోవడానికి చాలాసేపు పడుతుంది. ఆ సేపంతా చూపించారు. తర్వాత రైలెక్కి ఇంటికి పోతుంది. వాళ్ల నాయన పడవలు బాగుచేసేవాడు. బిడ్డను గడపలో చూసి, చేతిలో పని కింద పెట్టి, ఒక్క ప్రశ్న కూడా అడగకుండా స్నానానికి నీళ్లు కాచాడు. అంతే. నాకు ఏడుపొచ్చింది. వెనకాల కుర్రోళ్లు ఉన్నా ఆపుకోలేదు. మొత్తం కథలో అంతకంటే మంచి భాగం లేదు. ఈ రోజుకూ అదే నా మాట.

కళ్లు తుడుచుకున్నాక భయం పట్టుకుంది. ఇది పాపకు ఎట్లా చెప్పేది? చెప్తే ఈసారి నా చొక్కా పట్టుకుని వదలదు. మరుసటి రోజు బస్సులో కూర్చుని, నంద్యాల చేరేలోపల వేరే కథ అల్లుకున్నాను. పిల్ల ఓపిక పట్టింది, మంచి కాగితం తీసింది, ముసలమ్మ మెచ్చుకుంది. అబద్ధం ఆడితే అతికినట్టుండాలి అంటారు. నాది బాగానే అతికింది. బండమీద ఎప్పటిలా బొమ్మ గీశాను, తొట్టి దగ్గర చట్రం పట్టుకుని నిలబడిన పిల్లను. చెప్పడం అయ్యాక పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. మా పాప ఆ బొమ్మను చాలాసేపు చూసింది. గీత నచ్చిందేమో అనుకుని మురిసిపోయాను.

తర్వాతి భాగమంతా ఆ పిల్ల ఇంటి దగ్గరే ఉంది. నేనేమో ఆమెను ఇంకా పాకలోనే నిలబెట్టి కథ నడపాలి. ఏం తోచక మా రాళ్ల పని సంగతులు కాగితానికి అతికించి చెప్పాను. పక్క పిల్లలు ఆవులించి గిన్నెల దగ్గరికి పోయారు. మా పాప మాత్రం కదలకుండా కూర్చుని "ఊ" అంటూ విన్నది.

ఆ పై ఆదివారం నేను సుద్దముక్క తీయబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"నాయనా, ఆ పాప ఇంటికి పోయింది గదా?"

"ఎవురు చెప్పినారు?" అన్నాను.

"నువ్వే. ఆ పాకలోకి చెప్పుల్తో పోరని నువ్వే చెప్తివి. ముసలమ్మ మెచ్చుకున్యాదని చెప్పిన పొద్దు నువ్వు గీసిన బొమ్మకు బూట్లుండాయి. లేసులు గూడా కట్టినావు."

విగ్రహానికి మొక్కేవాళ్లు మొదట చూసేది పాదాలే. అందుకని పాదాల దగ్గర చెయ్యి తొందరపడకూడదని మా నాయన నన్ను కొట్టి మరీ నేర్పాడు. ఆ రోజు నోరు దాని అబద్ధం అది చెప్పుకుంటూ పోతుంటే, చెయ్యి తను చూసింది చూసినట్టు గీసింది.

"ఇంటికి పోతే వాళ్ల నాయన ఏమన్నాడు?" అంది పాప.

"ఏమీ అన్లేదు."

"తిట్లేదా?"

"లే. నీళ్లు కాంచినాడు పోసుకునేకి. అంతే."

"ఎందుకొచ్చినావని గూడా అడగలేదా?"

"అడగలేదు పాపా. మొహం చూస్తే తెలీదా?"

ఆ మాట అన్నాక నేను పాప మొహం చూశాను. జూన్ నుంచి ప్రతి ఆదివారం ఎదురుగా కూర్చుని, బండమీద ఎవరి మొహమో గీస్తూ ఉన్నాను. ఎదురుగా ఉన్న మొహాన్ని అప్పుడే చూశాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

"పా, పోదాం. పైకి పోయి పెట్టె సర్దుకో" అన్నాను.

"సర్దే ఉండాది నాయనా."

"ఎప్పుడు సర్దినావు?"

"ఆ బూట్లు చూసిన పొద్దు."

రెండు వారాలు సర్దిన పెట్టె పైన పెట్టుకుని, కిందికొచ్చి నా కట్టుకథకు ఊ కొట్టింది ఈ పిల్ల. "మరి ఆ పొద్దే అడిగింటే ఏమాయ?" అన్నాను.

"నువ్వే చెప్తావేమో అని చూస్తాంటి" అంది.