తల తెగిన బోల్టు

రిటైరయ్యాక నల్లగండ్లలో కూతురి దగ్గర ఉంటున్నాను. పోయిన వేసవిలో నా పాత కారు ఇంజన్ నుంచి నీళ్లు కారుతుంటే, అల్లుడూ నేనూ కొండాపూర్‌లో ఒక షెడ్డుకు తీసుకెళ్లాం. మెకానిక్ నీళ్ల పంపు విప్పడానికి దాని బోల్టుకు పానా వేసి బలంగా తిప్పాడు. బోల్టు తల తెగి చేతికొచ్చింది, మొండెం ఇంజన్‌లోనే ఉండిపోయింది.

"తుప్పు పట్టింది తాతా, నేనేం జేస్త? ఇగ తుక్కుకు ఇచ్చెయ్" అన్నాడు.

"నేనూ అదే చెప్తున్నా మామయ్యా" అంటూ అల్లుడు అప్పుడే తుక్కు కొనేవాడికి ఫోన్ కలిపాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "విరగ్గొట్టింది నువ్వు, తుక్కయ్యేది నా కారా? తియ్యి బయటికి!" అని నేనరిచిన అరుపుకు మాదాపూర్‌లో మెట్రో ఆగిపోయింది. మొండేనికి ఒక నట్టు వెల్డింగ్ చేయించి, పానా లాక్కుని, ఒక్క మెలికతో నేనే ఊడబెరికాను.

సరే, మెట్రో ఆగలేదు. పానా కూడా నేను పట్టలేదు, ఫోన్ లైటు పట్టుకున్నాను. అదైనా కోపంతో వణికిపోయింది. "జర లైటు సక్కగ పట్టు తాతా, కోపం తర్వాత జేద్దువు!" అని వాడే నన్ను కసిరాడు.

కారు ఇంకా నడుస్తోంది. ఆ మొండెం మా భోజనాల బల్ల మీదే ఉంటుంది. అల్లుడు కొత్త కారు మాట ఎత్తితే చాలు, దాన్ని అతని కంచం పక్కకు జరుపుతాను. బోల్టు తీసింది మెకానిక్కే. కోపం మాత్రం అచ్చంగా నాది, ఇంకా తగ్గలేదు.