మంద గుర్తు పడ్డ సోలార్ డబ్బా

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మహబూబ్‌నగర్ వెళ్లే రోజు పొద్దున, మా బస్సు దారిలో చెడిపోవాలని నేను కోరుకున్నాను. పెద్ద ప్రమాదమేమీ అక్కర్లేదు. ఒక టైరు పంక్చరైతే చాలు. ఎవరికీ దెబ్బ తగలకుండా, నీడ ఉన్నచోట ఆగి, మధ్యాహ్నం దాకా కదలకుండా ఉంటే చాలు.

బస్సు నల్లగొండలో ఐదున్నరకు సరిగ్గా బయలుదేరింది. ఇంజన్ శబ్దం కూడా ఆరోగ్యంగానే ఉంది.

మేము వెళ్తున్నది విద్యార్థుల పోటీకి. ఎండతోనో, గాలితోనో, పేడతోనో నడిచే పనికొచ్చే వస్తువు ఒకటి తయారుచేసి, అక్కడ నడిపి చూపించి, ఐదు నిమిషాల్లో దాని గురించి చెప్పాలి. నేనూ మేరీ నల్లగొండ పాలిటెక్నిక్‌లో చివరి సంవత్సరం. మేము చేసింది గొర్రెల కాపరుల కోసం ఒక డబ్బా. మూడు కాళ్ల స్టాండు మీద సోలార్ పలక, కింద బ్యాటరీ. పగలు ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకోవచ్చు. చీకటి పడ్డాక మంద దగ్గరికి కుక్కలు రాకుండా ఒక లైటు వెలిగి ఆరుతూ ఉంటుంది.

మా బాపు గొర్రెలు కాస్తాడు. కేతేపల్లి చుట్టుపక్కల ఎవరి చేన్లో ఎరువు కావాలంటే వాళ్ల చేన్లో మంద పెడతాడు. డబ్బాను పదిహేను రోజులు ఆయన దగ్గరే ఉంచి పరీక్షించాం. అంతకుముందు ఫోన్ ఛార్జింగ్ కోసం చేన్లకు అడ్డంపడి ఊళ్లో చాయ్ హోటల్ దాకా నడిచేవాడు. ఇప్పుడు కూర్చున్నచోటనే ఛార్జింగ్ అవుతుంటే, ఊళ్లో పని లేనివాళ్లందరికీ ఫోన్ చేయడం మొదలుపెట్టాడని అమ్మ చెప్పింది. పోటీలో ఐదు జట్లను పైదశకు తీసుకుంటారు. ఆ ఐదులో ఉంటే డబ్బా ఇంకో ఆరు నెలలు బాపు దగ్గరే ఉంటుంది. లేకపోతే విప్పి, ఏ సామాను ఆ సామానుగా ల్యాబ్ బీరువాలో పెట్టాలని మా ప్రాజెక్టు చూసే మేడం ముందే చెప్పారు. ఆమెకు పరీక్షల డ్యూటీ పడటంతో మేమిద్దరమే బయలుదేరాం.

ముందురోజు సాయంత్రం బాపు డబ్బాను గొంగడిలో చుట్టి, తాడుతో బిగించి హాస్టల్ గేటు దగ్గర ఇచ్చి వెళ్లాడు. ఆ ముడి చూస్తే విప్పాలనిపించలేదు. అలాగే బస్సెక్కించాం.

కండక్టర్ మా ఆధార్ కార్డులు చూసి రెండు జీరో టికెట్లు కొట్టి, గొంగడి మూట దగ్గర ఆగాడు.

"జీరో టికెట్ ఆడోళ్లకే. ఇది ఆడనా మగనా?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఇలాంటివి మేరీ చూసుకుంటుంది. రామన్నపేటలో వాళ్ల చర్చిలో ఆదివారం వాక్యం చదివే పిల్ల. మైకంటే భయం లేదు, కండక్టర్లంటే అసలు లేదు.

"సూర్యుని బిడ్డ అన్నా. ఆడపిల్లనే," అంది.

"అయితే ఒళ్లె కూసోపెట్టుకోండ్రి," అని ఆయన ముందుకు పోయాడు. కాబట్టి ఆ దారిలో వెళ్లేవాళ్లకు నా మొదటి సలహా, మూట ఎంతుందో ఒడి అంతుండాలి. రెండోది, పొద్దుటి బస్సులో ఎడమపక్క కూర్చోకండి, ఎండంతా అటే. సోలార్ పోటీకి పోతూ మేమిద్దరం కుడిపక్కకు మారి కూర్చున్నాం.

దేవరకొండలో ఏడున్నరకు పావుగంట ఆపారు. ఇడ్లీ వేడిగా ఉంది, చట్నీ పలచగా ఉంది. అక్కడ సీతాఫలాల గంపతో ఒక అవ్వ ఎక్కి మా పక్కన కూర్చుంది. కాసేపు మూటను చూసింది.

"గొంగట్ల ఏమున్నది బిడ్డా, మేకపిల్లనా?"

"కాదవ్వా, సోలారు," అంది మేరీ.

"గంత గట్టిగ కట్టిన్రు, ఊపిరాడుతదా దానికి?"

మేరీ నవ్వు ఆపుకోలేకపోయింది. నాకు మాత్రం ఊపిరాడటం లేదు. దారిపొడవునా మేరీ మా ప్రసంగం వల్లె వేస్తోంది. రాసింది నేను, చెప్పేది ఆమె. మా ఇద్దరి ఒప్పందం అదే. కానీ చివర్లో న్యాయనిర్ణేతలు ప్రశ్నలడుగుతారు, వాటికి ఇద్దరూ సిద్ధంగా ఉండాలని పోటీ నియమాల్లో ఉంది. టైరు గురించి నా కోరిక ఆ ఒక్క వాక్యం వల్లే. మొదటి సంవత్సరం నుంచీ తరగతిలో నన్నేమైనా అడిగితే, జవాబు తెలిసినా లేచి నిలబడి బల్లను చూస్తాను. ఆ బల్ల మీది గీతలన్నీ నాకు కంఠస్థం.

కల్వకుర్తి దాటాక నేల ఎర్రబడింది, రాళ్లు పెరిగాయి. అవ్వ దిగుతూ రెండు సీతాఫలాలు మా మూట మీద పెట్టి, "దానికి గూడ పెట్టుండ్రి," అంది. జడ్చర్లలో బస్సు ఖాళీ అయింది. పదీ ఇరవైకి మహబూబ్‌నగర్. టైరు చివరిదాకా మోసం చేసింది.

బస్టాండు నుంచి షేర్ ఆటోలో పదిహేను నిమిషాల్లో ఊరి బయట కాలేజీ. గేటు దాటగానే నవ్వొచ్చింది. నిర్వాహకులు మర్యాద తెలిసినవాళ్లు. అతిథులకు ఎండ తగలకూడదని మైదానమంతా షామియానా వేశారు. దాని కింద వరుసగా సోలార్ కుక్కర్లు, సోలార్ పంపులు, సోలార్ తోపుడుబండి, అన్నీ చల్లగా నిద్రపోతున్నాయి. విద్యార్థులందరూ బల్లలు ఎత్తి ఎండలోకి మోస్తుంటే, ఒక అటెండర్ వెంటపడి, "నీడ ఉండంగ ఎండలకెందుకు పోతున్రు?" అని బాధపడుతున్నాడు.

మేమూ బల్ల మోసి, ఎండలో పెట్టి, బాపు ముడి విప్పాం. విప్పడానికే పది నిమిషాలు పట్టింది. గొంగడి తీయగానే మేరీ, "మల్లీ, గిదేంది?" అంది.

పలక అద్దం మీద నడిమధ్యలో అరచేయంత ఎర్రరంగు. రెండు నిలువు గీతలు, పక్కన ఒక చుక్క. మా గొర్రెలన్నింటి వీపు మీద ఉండే గుర్తే అది.

నాకు వెంటనే అర్థమైంది. ముందురోజు గేటు దగ్గర బాపు అడిగాడు, "ఆడ మస్తు మంది తెస్తరు గదా, మన డబ్బా మారకపోతదా?" అని. మారదు బాపు అంటే, "మారదు తియ్, నేను చూసిన," అన్నాడు. నాలుగు మందలు ఒక్కచోట కలిసినా తన గొర్రెను ఒక్క చూపులో పట్టుకునే మనిషి. అన్ని జట్ల డబ్బాల్లో బిడ్డ డబ్బా తప్పిపోకుండా తను చేయగలిగింది చేశాడు.

మీటరు పెట్టి చూస్తే కరెంటు సగం కూడా రావడం లేదు. స్లాబు పోసేటప్పుడు తట్టలు అందించే వరుసలో ఒక్క మనిషి కూలబడితే అందరి చేతులూ ఆగిపోతాయి. సోలార్ పలకలో గడులన్నీ అలాగే వరుసగా ఉంటాయి. రంగు పడ్డ గడులు కూలబడ్డ మనుషులన్నమాట.

పెన్సిల్ చెక్కే బ్లేడుతో గీకడం మొదలుపెట్టాను. గొర్రె ఉన్ని మీద వానలన్నీ తట్టుకునే రంగు, నా బ్లేడుకు ఎందుకు లొంగుతుంది? మేరీ గోళ్లతో, నేను బ్లేడుతో. చుక్క పోయింది, ఒక గీత పోయింది. రెండో గీత దగ్గర ఉండగా మా నంబరు పిలిచారు.

న్యాయనిర్ణేతలు ఇద్దరు. చేతులు వెనక్కి కట్టుకున్న ఒక పెద్దాయన, నోట్‌బుక్కుతో ఒక మేడం. మేరీ ఒక్క తప్పు లేకుండా నాలుగున్నర నిమిషాలు చెప్పింది. లైటు వెలిగింది, కానీ నీరసంగా. పెద్దాయన వంగి చూశారు.

"ఈ ఎర్రగీత ఏమిటమ్మా? డిజైన్లో భాగమా?"

మేరీ నావైపు చూసింది. అది నేను రాసిచ్చిన ప్రసంగంలో లేదు. నేను బల్ల వైపు చూశాను. కొత్త బల్ల, గీతలు కూడా లేవు.

మేరీ నా మోచేతిని గిల్లి, "గది మీ ఇంటి ముచ్చట. నాకేం తెలుస్తది, నువ్వే చెప్పు," అంది, అందరికీ వినబడేలా.

"మా మంద గుర్తు సార్," అన్నాను. "మా బాపు వేసిండు. డబ్బా మారిపోకుండా."

"అద్దం మీద వేస్తారా ఎవరైనా?"

"గొర్రెకు బాగా కనబడే చోట వేస్తం సార్. దీనికి బాగా కనబడేది అద్దమే గదా."

మేడం నవ్వారు. ఎగతాళి నవ్వు కాదది. పెద్దాయన నవ్వలేదు. "అయితే మీరు ఆయనకు సరిగ్గా నేర్పలేదన్నమాట."

అక్కడే నాకేదో అయింది. బాపును తక్కువ చేసినట్టనిపించింది. ఆ కోపంలో భయపడటం మరిచిపోయాను.

"కాదు సార్, మేమే నేర్చుకోలేదు," అన్నాను. "రేపు మందలు కలిసిన చోట నాలుగైదు డబ్బాలు ఉంటయి. అన్నీ ఒక్క తీరుగుంటయి. ఏది ఎవరిదో తెలియాలంటే ఎవరైనా గుర్తు వేసుకుంటరు. వేసుకునేటోళ్ల తప్పు కాదు. గుర్తుకు మేము జాగా పెట్టలేదు. పలక పక్కన ఒక రేకు ముక్క వెడల్పుగా బిగిస్తే సరిపోయేది. నాకు పుట్టినప్పటి నుంచి తెలిసిన సంగతి సార్ ఇది. డిజైన్ గీసేటప్పుడు యాదికి రాలేదు."

తర్వాత తట్టల వరుస గురించి చెప్పాను. మీటరు పెట్టి, గీత లేని గడి మీద చేయి అడ్డంపెట్టి, తీసి చూపించాను. సమయం అయిపోయినట్టు గంట మోగింది. ఇంకా చెబుతూనే ఉన్నాను. మేరీయే నా చున్నీ పట్టుకుని లాగింది.

భోజనం ఒంటిగంటకు పెట్టారు. పప్పు, వంకాయ కూర, పెరుగు. ఆకలి అంత గట్టిగా వేస్తుందని తెలియదు. రెండుసార్లు పెట్టించుకున్నాను. మూడున్నరకు పేర్లు చదివారు. నాలుగు జట్లు అయిపోయేసరికి మేరీ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తోంది. నేను బాపు దగ్గరికి ఏ ముఖంతో పోవాలా అని ఆలోచిస్తున్నాను. ఐదోది మా నంబరు. నోట్‌బుక్కు మేడం ఎంపిక కాగితం ఇస్తూ, "ఈసారి పలక పక్కన రేకు వేసుకుని రండి," అన్నారు.

నాలుగున్నర బస్సు. గొంగడి చుట్టాం గానీ బాపు ముడి మాకు రాలేదు. తిరుగు ప్రయాణంలో ఎండ వెనకపక్క పడుతుంది, ఎటు కూర్చున్నా ఒకటే. కల్వకుర్తి దగ్గరికి వచ్చేసరికి మేరీ నా భుజం మీద నిద్రపోయింది. పొద్దున ఇటే వచ్చినా ఈ ఊళ్లు నేను చూడలేదు. ఇప్పుడు చూస్తే ఎర్ర చేన్లు, పత్తి మూటలు, బండల మధ్య ఇళ్లకు మళ్లుతున్న మేకలు. భయపడుతూ వెళ్లిన దారిని మళ్లీ ఒకసారి చూడాలంటే తిరిగి రావడమొక్కటే ఉపాయం.

బాపుకు ఫోన్ చేశాను. షామియానా, అటెండర్, అవ్వ, పెద్దాయన, అన్నీ చెప్పాను. అద్దం మీద రంగు సంగతి, పక్కన వేయబోయే రేకు సంగతి కూడా చెప్పాను. ఆయన, "మరి రేకు మీద ఏస్తే దూరంకెళ్లి కనవడ్తదా?" అని అడిగాడు. కనబడుతుందని నేను, కనబడదని ఆయన. దేవరకొండ దీపాలు కనిపించేదాకా వాదించుకున్నాం. నా ఎరుకలో మా బాపుతో నేను అంతసేపు మాట్లాడింది లేదు. చివరికి ఆయనే అన్నాడు.

"ఇగ ఆపు బిడ్డా, ఫోన్ల ఛార్జింగ్ అయిపోతాంది. డబ్బా నీ దగ్గర్నే ఉన్నది గదా."