ఆల్సీడ్ ఇంట్లో అలిగిన బ్లోయర్

అమెరికా, కెనడాల మధ్య పారే సెయింట్ జాన్ నది ఇవతలి ఒడ్డున, ఎవరి కట్టెల గుట్ట ఎలా ఉందో చూసి ఆ ఇంటి మగవాడి సంగతి చెప్పేస్తారు. ఆ లెక్కన ఆల్సీడ్ పెల్టియేకి ఊళ్లో మంచి పేరే ఉండాలి. ఉండేది కూడా. అతను పేర్చిన మేపుల్ కట్టెలు గోడ కట్టినట్టు నిలబడేవి. ఒక్క ముక్క ముందుకు పొడుచుకొచ్చినా అతనికి అన్నం సయించేది కాదు. చిక్కల్లా ఏమిటంటే, ఆ గుట్టలోంచి కట్టె తీసినప్పుడల్లా ప్రాణం విలవిల్లాడేది. "కాల్చుకోవడానికే కదా కొట్టావు?" అని భార్య జెర్మేన్ అడిగితే, "కాల్చడం వేరు, తగలెయ్యడం వేరు" అనేవాడు.

ఆ పిసినారితనం ఊరికే రాలేదు. పదకొండు మంది పిల్లలున్న ఇంట్లో పుట్టాడు. చలికాలం పొద్దున లేచేసరికి వంటింట్లో బకెట్ నీళ్లు గడ్డకట్టి ఉండేవి. ఆ రోజుల్లో తండ్రి పొయ్యిలోంచి బూడిద తీయనిచ్చేవాడు కాదు. నిప్పుల్ని బూడిద కింద కప్పెట్టి తెల్లారేదాకా కాపాడేవాడు. ఆ తర్వాత ఆల్సీడ్ బంగాళాదుంపల లారీలు నడిపాడు, కాగితం మిల్లులో యంత్రాలు బాగుచేశాడు, రిటైరయ్యాడు. ఎన్ని చేసినా తండ్రి దగ్గర నేర్చుకున్నది మాత్రం వదల్లేదు. బూడిద ఎంత మందంగా ఉంటే నిప్పు అంత నిలుస్తుందని గట్టిగా నమ్మేవాడు.

ముందుగదిలో ఉన్నది తండ్రి కాలంనాటి పొయ్యి కాదు. ఇటుకల గోడపొయ్యి వేడంతా చిమ్నీలోంచి ఆకాశానికి పోతోందని, మిల్లులో పనిచేస్తుండగానే ఆ గోడపొయ్యిలో సరిగ్గా ఇమిడే ఇనుప పొయ్యిపెట్టె కొని దూర్చాడు. దానికి ముందు గాజు తలుపు, అడుగున చిన్న బ్లోయర్. పెట్టె అడుగు బాగా వేడెక్కితే అక్కడ అతుక్కుని ఉన్న చొక్కా గుండీ అంత బిళ్ల టిక్కుమనేది. వెంటనే బ్లోయర్ దానంతటదే మొదలయ్యేది. గదిలో గాలిని లాగి, వేడి పెట్టె చుట్టూ తిప్పి, వెచ్చగా మళ్లీ గదిలోకి వదిలేది. పెట్టె చల్లబడితే తనే ఆగిపోయేది. చేత్తో వేసుకునే మీటలాంటిది దానికి లేదు.

ఆ పొయ్యి ముందు కుర్చీ అత్తగారిది. ఎక్సిల్డా సీర్, ఎనభై దాటిన మనిషి. భర్త పోయాక కూతురింటికి వచ్చి అక్కడే ఉండిపోయింది. ఎప్పుడూ ఊలు చేతితొడుగులు అల్లుతూ ఉండేది. చేతిలో సూదుల కన్నా నోట్లో మాట పదును. అల్లుడు పొయ్యిలో ఒక కట్టె పెట్టి అటు తిరగ్గానే ఆవిడ ఇంకో రెండు పెట్టేది.

"అత్తయ్యా, అవి కట్టెలు, కాగితాలు కాదు."

"తెలుసు అల్లుడూ. అంత ముద్దయితే నీ శవపేటికలో పేర్చుకుని పట్టుకుపో. నాకిప్పుడు చలేస్తోంది."

"పొదుపు తెలియని మనిషి" అని గొణిగేవాడు. ఆవిడకి వినపడాలనే గొణిగేవాడు. సాయంత్రం షార్లమేన్ పేకాటలో మళ్లీ ఇద్దరూ ఒకే జట్టు. అలా చాలా చలికాలాలు గడిచాయి.

ఆ జనవరిలో ఎక్సిల్డాకి నిమ్ము చేసి ఆసుపత్రిలో చేర్చారు. కొన్నాళ్లకి బ్లోయర్ ఆగిపోయింది. రోజుకింత నీరసపడి, ఒకరోజు అసలు మొదలవనేలేదు. "మీ అత్తగారి తిట్లు వినపడక అలిగింది పాపం" అన్నాడు పక్కింటి ఒనెజీమ్. అతనూ మిల్లు మనిషే, సలహా ఇవ్వకుండా ఇంటికి వెళ్లే అలవాటు లేదు. ఆల్సీడ్ నవ్వి ఊరుకున్నాడు. తనూ జెర్మేనూ వంటింట్లోనే కూర్చుంటున్నారు కదా, ముందుగది ఎలా ఉంటేనేం అనుకున్నాడు.

ఆ వారమే ఇళ్లకు తిరిగే నర్సు మిసెస్ ఉలెట్ వచ్చి కబురు చెప్పింది. ఎక్సిల్డాని ఇంటికి పంపుతారు. కానీ ఆవిడ మేడమెట్లు ఎక్కకూడదు, మంచం ముందుగదిలోనే వెయ్యాలి. నర్సు ముందుగదిలోకి వెళ్లి చూసి, కోటు గుండీలు పైదాకా పెట్టుకుంది.

"ఇక్కడ నాకే వణుకొస్తోంది. ఆవిడ ఊపిరితిత్తులకి ఈ చలి పనికిరాదు. గురువారం మధ్యాహ్నం మళ్లీ వస్తాను. అప్పటికీ గది ఇలాగే ఉంటే దిగువ ఊరి వృద్ధాశ్రమంలో మంచం ఉంది, అక్కడికి పంపించక తప్పదు."

ఇంటిని వేడిచేసే నూనె ఫర్నేస్ వేడి ఆ గది దాకా రాదు. కరెంటు హీటర్ పెడితే ఆ పాత ఇంట్లో ఫ్యూజు పోతుంది. నర్సు వెళ్లగానే జెర్మేన్ బల్ల మీద తలపెట్టుకుని ఏడ్చింది.

"అమ్మ అక్కడ బతకదు ఆల్సీడ్. తిండి మానేస్తానని ఇప్పుడే అంటోంది."

"ఊరుకో. ఓ ముష్టి బ్లోయర్ కోసం ఏడుస్తావా? మిల్లులో ఇంటంత యంత్రాలు బాగుచేశాను" అన్నాడు ఆల్సీడ్. పైకి ఒప్పుకోడు గానీ, అత్తగారు లేని ఇంట్లో అతనికి తోచడం లేదు. ప్లోయ్ అట్లు ఎన్ని తిన్నా లెక్కపెట్టి వెక్కిరించేవాళ్లు లేరు. మనుషులు ఎప్పుడో ఒకప్పుడు పోతారని అతనికి తెలుసు. అయితే తన కట్టెలుండగా, తన పొయ్యి వెలగక, ఆవిడ పరాయి పంచన చలికాలం గడపడమంటే మాత్రం తలకొట్టేసినట్టుంది.

బుధవారం పొద్దున్నే నిప్పు పూర్తిగా చల్లారనిచ్చి పనిలోకి దిగాడు. ముందు బ్లోయర్ ప్లగ్గు తీసి అక్కడ టేబుల్ లైటు పెట్టి చూశాడు. వెలిగింది. కరెంటుకి లోటు లేదు. తర్వాత కింది జాలీ విప్పి, మరలు తీసి, బ్లోయర్‌ని బయటికి లాగాడు. దాని రెక్కల నిండా ఊలు నూగు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, అత్తగారు అల్లిన ప్రతి చేతితొడుగు రంగూ అందులో ఉంది. పాత పళ్లబ్రష్షుతో రెక్క రెక్కా దులిపాడు. ఇరుసుకి నూనె చుక్కలు వేశాడు. వంటింటి బల్ల మీద పెట్టి, పాత తీగతో తిన్నగా కరెంటు ఇచ్చాడు. బ్లోయర్ హుషారుగా తిరిగింది. ప్లోయ్ అట్ల కోసం జెర్మేన్ గిన్నెలో పోసి ఉంచిన బక్‌వీట్ పిండి కూడా హుషారుగా లేచి ఆవిడ మొహమంతా పరుచుకుంది.

"బాగుపడింది!" అని అరిచాడు ఆల్సీడ్.

"కనిపిస్తూనే ఉంది" అంది జెర్మేన్ కళ్లు తుడుచుకుంటూ. చాలా రోజుల తర్వాత నవ్వింది.

ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. బ్లోయర్ మళ్లీ బిగించి నిప్పు రాజేస్తే టిక్కూ లేదు, చప్పుడూ లేదు. ఒనెజీమ్ వచ్చి మోకాళ్ల మీద వంగి చూశాడు.

"ఆ బిళ్ల చచ్చుంటుంది. దాన్ని తప్పించి తీగలు తిన్నగా కలుపు. తేలిపోతుంది."

ఆల్సీడ్ ప్లగ్గు పీకి, తీగలు కలిపి, మళ్లీ ప్లగ్గు పెట్టాడు. బ్లోయర్ తిరిగింది. ముగ్గురూ ఆత్రంగా చేతులు చాపారు. వస్తున్నది చల్లగాలి. గాజు తలుపు వెనక మంట కనిపిస్తూనే ఉంది, ముందు నుంచి మాత్రం చల్లగాలి.

"ఇది పొయ్యా, ఫ్రిజ్జా?" అంది జెర్మేన్. ఈసారి నవ్వలేదు.

"అయితే బిళ్ల తప్పు కాదు, బ్లోయర్ తప్పూ కాదు. పెట్టే వేడెక్కట్లేదు" అన్నాడు ఒనెజీమ్. అంతటితో ఆగితే బాగుండేది. "నీ కట్టెలు పచ్చివేమో చూసుకో ఆల్సీడ్."

ఆ మాట అనకూడదు. పెళ్లాన్ని ఏమన్నా సర్దుకుపోతాడేమో గానీ కట్టెల్ని అంటే ఆల్సీడ్ పడడు. "నా కట్టెలు పచ్చివా? నీ బుర్ర పచ్చిది. నడు ముందు, ఇంటికి నడు!" అన్నాడు. ఒనెజీమ్ టోపీ పెట్టుకుని, నొచ్చుకోకుండానే వెళ్లిపోయాడు. అతనికి ఇది మామూలే.

అయినా ఆల్సీడ్‌ని అనుమానం పురుగులా తొలిచింది. అన్నిటికన్నా పాత గుట్టలోంచి, రెండేళ్లు ఎండిన కట్టెలు తెచ్చి ఈ నింద కడిగేసుకుందామని తలుపు తీసుకుని బయటికి దూసుకెళ్లాడు. మెట్టు మీద కాలు పెట్టీపెట్టగానే జర్రున జారి, నడుం మీద పడి, కింది మెట్టు దాకా వెళ్లి ఆగాడు.

జెర్మేన్ పరుగెత్తుకొచ్చింది. "ఎముకలేమైనా విరిగాయా?"

"పరువు తప్ప అన్నీ ఉన్నాయి." వెల్లకిలా పడుకునే అన్నాడు. "ఈ మెట్ల మీద ఇంత మంచేమిటే? ఇన్నేళ్లలో ఒక్కసారైనా జారానా నేను?"

"ఎందుకు జారతావు? అమ్మ రోజూ బూడిద చల్లేది కదా."

ఆల్సీడ్ కదలకుండా ఆకాశంలోకి చూశాడు. "ఏ బూడిద?"

జెర్మేన్ నాలిక కరుచుకుంది. ఇక దాచి లాభం లేదని చెప్పేసింది. "పొయ్యిలో బూడిదే. బూడిద ముట్టుకోవద్దని నువ్వు అమ్మ వచ్చిన కొత్తలో అరిచావు చూడు, అప్పట్నుంచీ నువ్వు లేవకముందే తీసేసేది. తీసినట్టు తెలియకుండా అడుగున కాస్త వదిలేది. అల్లుడితో రోజూ పొద్దున్నే గొడవెందుకు, మెట్ల మీద చల్లితే వాడి నడుమే కదా మిగిలేది, అనేది. ఇప్పుడు నువ్వే తీస్తున్నావనుకున్నాను. నేను ఆసుపత్రికి తిరుగుతూ పొయ్యి వంక చూస్తేనా?"

మెట్ల మీద బూడిద అతను ప్రతి శీతాకాలం చూశాడు, తొక్కాడు. అది ఎక్కడిదని ఒక్కనాడూ అడగలేదు. ఉతికిన చొక్కా అల్మరాలోకి ఎలా వస్తుందో అడగనట్టే ఇదీ అడగలేదు.

నడుం పట్టుకుని లేచి లోపలికి వెళ్లి, పొయ్యి తలుపు తెరిచి, ఇనుప చువ్వ గుచ్చాడు. అది బూడిదలోకి జానెడు లోతు దిగింది. అత్తగారు వెళ్లినప్పటి నుంచి పేరుకున్నదంతా అక్కడే ఉంది. పెట్టెలో సగం బూడిదే. గాలి వచ్చే కన్నాలు ముందువైపు పూడుకుపోయాయి. మిగిలిన జాగాలో రెండు సన్న కట్టెలు మూలుగుతున్నాయి. అడుగున బిళ్లకి పైన మంట ఉందన్న సంగతే తెలియదు. ఇంత మందాన బూడిద కప్పుకుని పడుకుంటే ఎవరికి తెలుస్తుంది?

"ఓరి దేవుడా" అన్నాడు ఆల్సీడ్. "నేనే దాని పీక నొక్కాను."

మూత ఉన్న ఇనుప బకెట్లు తెచ్చి, నిప్పుతో సహా బూడిద ఎత్తి, ఇంటికి దూరంగా మంచులో పెట్టాడు. అడుగున పలచగా వదిలాడు. కన్నాలు శుభ్రం చేశాడు. తీగల్ని మళ్లీ బిళ్లకి కలిపాడు. తర్వాత ఎన్నడూ చెయ్యని పని చేశాడు. మేపుల్ కట్టెలు చేతినిండా తెచ్చి, లెక్కచూడకుండా పేర్చి, పొయ్యిలోకి గాలి వదిలే మీట మొత్తం తెరిచాడు. మంట గాజు నిండా లేచింది. జెర్మేన్ వచ్చి పక్కన కూర్చుని జపమాల తీసింది. ఆల్సీడ్ జపించలేదు గానీ ఆ బిళ్ల ఉన్న వైపే చెవి పెట్టుకుని కూర్చున్నాడు. జపమాల సగం తిరిగింది. ఏమీ లేదు. ఇంకాస్త తిరిగింది.

టిక్.

బ్లోయర్ గుర్రుమంది. వెచ్చటి గాలి ఇద్దరి మోకాళ్లకీ తగిలింది, తర్వాత మొహాలకి. జెర్మేన్ జపం మధ్యలో ఆపేసి మొగుడి భుజం పట్టుకుంది. ఆల్సీడ్‌కి గుండెల మీంచి బండ దిగినట్టయింది. కళ్లలో నీళ్లు తిరిగితే పొగ అన్నాడు. పొగ లేదు.

గురువారం మిసెస్ ఉలెట్ వచ్చి, ముందుగదిలో ఓ నిమిషం నిలబడి, కోటు విప్పేసింది. ఆ తర్వాత స్వెట్టరూ విప్పింది. "రేపు తీసుకొస్తాం" అంది. ఆల్సీడ్ ఆ సంతోషంలో వెళ్లి ఒనెజీమ్‌ని కౌగలించుకుని, బుర్ర పచ్చిదన్న మాట వెనక్కి తీసుకుని, కట్టెల విషయంలో మాత్రం తనదే నిజమని మళ్లీ వాదించి వచ్చాడు.

మర్నాడు ఆసుపత్రి బండి ఇంటి ముందు ఆగింది. అటొకరూ ఇటొకరూ పట్టుకుని దింపితే, ఎక్సిల్డా మొదటి మెట్టు దగ్గర ఆగిపోయింది. మెట్లన్నీ బూడిద. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, మంచు అన్నది కనపడకుండా. ఆవిడ మెట్లని చూసింది. అల్లుణ్ణి చూసింది. అల్లుడు తన బూట్లని చూసుకున్నాడు.

"ఎవరు చల్లారు?"

"నేనే అత్తయ్యా."

"ఇంత మందానా? బకెట్ బూడిద ఒక్క రోజుకే తగలేశావు. పొదుపు తెలియని మనిషివి."

ఆల్సీడ్ పగలబడి నవ్వాడు. నవ్వుతూనే ఆవిడని రెండు చేతులా ఎత్తుకుని మెట్లెక్కాడు. ఆవిడ ఎంత తేలికైపోయిందో అప్పుడు తెలిసింది. పొయ్యి ముందు మంచం మీద జాగ్రత్తగా కూర్చోబెట్టాడు. ఆవిడ చేతులు చాపి వెచ్చటి గాలి పట్టుకుని, కాసేపు కళ్లు మూసుకుంది.

మర్నాడు ఆల్సీడ్ అందరికన్నా ముందు లేచి, చప్పుడు చెయ్యకుండా పొయ్యి తలుపు తీశాడు. పారతో మొదటిసారి బూడిద ఎత్తాడో లేదో, మంచం మీంచి గొంతు వినిపించింది.

"మొత్తం ఊడ్చెయ్యకు అల్లుడూ. అడుగున కాస్త ఉంచు. మీ నాన్న చెప్పింది మరీ అబద్ధమేం కాదు."

"సరే అత్తయ్యా" అన్నాడు ఆల్సీడ్. కాస్త ఉంచి, రెండు కట్టెలు పెట్టాడు. ఆవిడ వైపు చూసి, మూడోది కూడా పెట్టాడు.