దాపటి ఎద్దు కాడి దించిన రోజు

మా దాపటి ఎద్దు చివరిసారి బండ లాగింది కర్లపాలెం దగ్గర ఒక ఊరి తిరునాళ్లలో. మధ్యలో ఆపించింది నేను. ఇప్పటికీ పెళ్లిళ్లలోనో బస్సులోనో ఎవరో ఒకరు నన్ను గుర్తుపట్టి, "పోటీ జరుగుతుంటే బరిలోకి దిగిన టీచరుగారు మీరేనా అండి?" అని అడుగుతుంటారు. అవునండి, నేనే.

మాది కొల్లూరు. తెనాలిలో సైన్సు టీచరుగా చేసి రిటైరయ్యాను. మా ఆయనకి ఏటి లంకలో అరటితోట, ఇంటి వెనక కొట్టంలో ఒక ఒంగోలు జత. కాడికి కుడివైపు కట్టేదాన్ని ఎలపటి ఎద్దు అంటాం, ఎడమవైపు కట్టేదాన్ని దాపటి ఎద్దు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ వాటికీ నాకూ పెద్దగా సంబంధం లేదు. పొద్దున్నే ఉలవలు ఉడికే వాసన వస్తుంటే నేను బస్సు కోసం పరుగెత్తేదాన్ని. సాయంత్రం ఆయన ఎద్దుల కబుర్లు చెబుతుంటే ఊఁ కొడుతూ పరీక్ష పేపర్లు దిద్దుకునేదాన్ని. అల్మారాలో నా పుస్తకాలు కింది అరలోకి దిగిపోయి పై అరలన్నీ వాటి షీల్డులతో నిండిపోయాయని ఒకసారి పోట్లాడాను కూడా.

నేను రిటైరైన ఏడాదే ఆయనకి భుజం పట్టేసింది. చెయ్యి పైకి లేచేది కాదు. పోటీ ఎడ్లని రోజూ కరకట్ట మీద నడిపించాలి. ఒక చేత్తో రెండింటినీ పట్టుకోలేక ఎలపటిదాన్ని తను పట్టుకుని, దాపటిదాని పలుపు నా చేతిలో పెట్టారు.

"నా వల్ల కాదండీ. అది ఒక్క గుంజు గుంజితే నేను కృష్ణలో ఉంటాను."

"అది నిన్ను లాగదు. నువ్వే దాన్ని లాక్కుపోతావు, చూడు."

దాని మూపురం నా తలకంటే ఎత్తు. మొదటిరోజు కట్ట ఎక్కేసరికి నాకు ఆయాసం వచ్చి ఆగిపోయాను. అదీ ఆగింది. పలుపు బిగియలేదు సరికదా, తల తిప్పి నావంక చూసి, నేను కదిలాకే కదిలింది. ముప్ఫై ఏళ్లు క్లాసులో గొంతు చించుకున్నా అంత మర్యాదగా ఎవరూ నా మాట వినలేదు. నెల తిరిగేసరికి నేను లేచిన అలికిడికే అది కొట్టంలో లేచి నిలబడేది. ఆయన భుజం బాగయ్యాక కూడా నేను ఆ పలుపు వదల్లేదు.

బరిలో మాత్రం అది వేరే ఎద్దు. బండకి గొలుసు తగిలించిన చప్పుడు వినగానే, ఎవరూ అదిలించకముందే తల దించి, గంగడోలు నేలకి ఆనేంతగా వంగేది. ఎలపటిది అలిసి వెనక్కి తగ్గినా ఇది తగ్గేది కాదు. రెండు పళ్లు వేసిన కోడె వయసు నుంచి ఏడేళ్లు అలాగే లాగింది.

నిరుడు చలికాలం చివర్లో ఒకరోజు కట్ట మీద నడుస్తుంటే సర్రుమని చిన్న చప్పుడు వినిపించింది. నాలుగడుగులకి ఒకసారి. వెనక్కి తిరిగి చూస్తే దుమ్ములో సన్నటి గీత. వెనక ఎడమకాలు పూర్తిగా లేవడం లేదు, గిట్ట కొస నేలకి రాసుకుంటోంది. లాడం అరిగిందేమో అనుకున్నాను. మర్నాడూ గీత పడింది. ఆ మర్నాడూ. తిరునాళ్ల పోటీ ఇంకా మూడు వారాలుంది. భుజం నొప్పి వల్ల ఏడాదిగా బరిలోకి దిగని మనిషి చిన్నపిల్లాడిలా రోజులు లెక్కపెట్టుకుంటున్నారు. చెబుదామని రోజూ నోటిదాకా వచ్చేది. ఆయన మొహం చూసి మింగేసేదాన్ని.

పోటీ రోజు ఆడవాళ్లం నలుగురం ట్రాక్టరు ట్రక్కులో కూర్చుని చూస్తున్నాం. మా జత మధ్యాహ్నం దిగింది. గడువులో ఎన్ని అడుగుల దూరం లాగితే అదే లెక్క. మావి మొదటినుంచీ ముందున్నాయి. జనం ఈలలు, మైకులో కేకలు. నాకు మాత్రం ఆ వెనక కాలు తప్ప ఇంకేమీ కనబడలేదు. బరి చివర తిప్పేటప్పుడు అది ఒక క్షణం మోకాలి దాకా కుంగింది. వెంటనే లేచి, ముందుకంటే గట్టిగా లాగింది. అలా లేచినందుకే నాకు ఏడుపొచ్చింది. పడిపోయేదాకా ఇది ఆగదు, దీనికి ఆగడం తెలియదు అనిపించింది.

ట్రక్కు ఎలా దిగానో గుర్తులేదు. తాడు కింద నుంచి దూరి బరిలోకి వెళ్లిపోయాను.

"అమ్మా, లోపలికి రాకూడదమ్మా!" మైకులో అరిచారు.

"ఏమండీ, ఆపండి!" అన్నాను నేను.

పెళ్లయిన ఇన్నేళ్లలో నలుగురి ముందు ఆయనతో గొంతెత్తి మాట్లాడింది లేదు. ఆయన నావైపు చూశారు. తర్వాత ఎద్దు కాలివైపు చూశారు. చెయ్యి పైకెత్తి, చర్నాకోల పట్టుకున్నవాళ్లని ఆగమని, తనే వెళ్లి కాడి దించారు. ఇంకా ఆరు నిమిషాల గడువుంది. "ఒక్క చుట్టు లాగితే ఫస్టు మీదే కదయ్యా!" అని ఎవరో అరిచారు. ఆయన వినిపించుకోలేదు. ఎద్దుకి మాత్రం ఏం జరిగిందో అర్థం కాలేదు. మెడ మీద కాడి లేకపోయినా తల దించుకుని, బండ ముందే లాగడానికి సిద్ధంగా నిలబడి ఉంది. నేను వెళ్లి పలుపు పట్టుకుంటే అప్పుడు తలెత్తింది.

ఎద్దుల్ని వ్యానెక్కించి బయల్దేరాం. ఆయన కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు. కోపమొచ్చిందనే అనుకున్నాను. దారిలో ఒకచోట టీకి ఆగాం. రెండు గుక్కలు తాగాక అడిగారు.

"నీకు ఎన్నాళ్లనుంచి తెలుసు?"

"మూడు వారాలు" అన్నాను తల వంచుకుని.

ఆయన గ్లాసులోకి చూస్తూ, "నాకు నెల" అన్నారు.

నా గ్లాసు కింద పెట్టేశాను. "మరి దాన్ని బరిలోకి ఎందుకు దింపారండీ?"

"ఇదొక్కటీ లాగించి మానేద్దామనుకున్నా. బరిలోకి దిగాక ఆపమనడానికి నా చెయ్యి లేవలేదు. నువ్వు రాకపోతే పూర్తిగా లాగించేసేవాణ్ణి." చివరి గుక్క తాగి, "మంచిపని చేశావు" అన్నారు. ఆ తర్వాత ఇద్దరం ఇంకో టీ తాగాం. ఒకరికి తెలిసింది ఇంకొకరికి చెప్పకుండా అన్నాళ్లు ఎలా దాచామా అని ఇంటికెళ్లేదాకా మాట్లాడుకుంటూనే ఉన్నాం.

రెండోరోజు తెనాలి నుంచి పశువుల డాక్టరు వచ్చి చూశారు. "కీలు అరిగిందండీ. బరువు లాగించకపోతే చాలు, ఇంకా చాలా ఏళ్లు హాయిగా ఉంటుంది. నడక మాత్రం మాన్పించకండి" అన్నారు. ఆ మాటతో నా గుండె కుదుటపడింది.

ఎలపటిది రెండేళ్లు చిన్నది, ఇంకా మంచి ఊపులో ఉంది. రేపల్లెలో మాకు తెలిసిన రైతు ఒకాయనకి జత తప్పిన ఎద్దొకటి ఉంది. "అన్నా, మీ ఎలపటిదాన్ని నాకివ్వండి, బిడ్డలా చూసుకుంటా" అని రెండుసార్లు వచ్చి అడిగాడు. మా ఆయన మనసు చేసుకుని పంపారు. వ్యాను వీధి మలుపు తిరిగేదాకా మా దాపటిది చెవులు నిక్కబొడుచుకుని నిలబడింది.

నాలుగు రోజులు సరిగా మేత ముట్టలేదు. వీధిలో వ్యాను చప్పుడైతే చాలు, లేచి పలుపు బిగిసేదాకా ముందుకొచ్చేది. ఆయన మధ్యాహ్నం కునుకు కోసం మంచాన్ని కొట్టంలోకి మార్చుకున్నారు. ఎండకి పేపరు మొహం మీద వేసుకుని పడుకుంటే అది ఆ పేపరు అంచు నమిలేసింది. అయిదోరోజు తొట్టి ఖాళీ అయింది. "తిన్నదే!" అని ఆయన వంటింట్లోకి వచ్చి చెప్పిన తీరు, ఏ షీల్డు తెచ్చినప్పుడూ చూడలేదు నేను.

నెల తర్వాత మేమిద్దరం రేపల్లె వెళ్లి ఎలపటిదాన్ని చూసొచ్చాం. కొత్త జతలో బాగానే కుదురుకుంది. ఆయన్ని చూసి ఒకసారి మెడ సాచి వాసన చూసి, మళ్లీ గడ్డిలో పడిపోయింది. "పర్లేదే, మనల్ని మర్చిపోయింది" అన్నారు ఆయన. తృప్తిగానే అన్నారు.

ఇప్పుడు దాపటిది, నేను, ఆయన, ముగ్గురం కట్ట మీద నడుస్తాం. ముందు అడుగు దానిది, వెనక మాది. కంచె పక్కన ఎవరి మందారమో అందితే ఆగుతుంది. "అత్తా, మీ ఎద్దు మా పూలన్నీ తినేసింది" అని ఒకమ్మాయి రోజూ గుమ్మంలోంచి అరుస్తుంది, తనే ఇంకో రెమ్మ తుంచి పెడుతుంది.

మొన్న ఆయనకి ఒక ఆలోచన వచ్చింది. డాక్టర్ని అడిగి, తేలికపాటి ఒంటెద్దు బండి ఒకటి చేయించారు. తోటలోంచి రెండు అరటిగెలలు, ఒక గడ్డిమోపు తెచ్చుకోవడానికి. బండి కట్టగానే అది పాత అలవాటు కొద్దీ తల దించి, ఒళ్లంతా బిగించి ఒక్క ఊపు లాగింది. వెనక బరువేమీ లేదు. బండి ఎగిరి దాని వెంటే వచ్చేసింది. అది టక్కున ఆగి, మెడ తిప్పి వెనక్కి చూసింది. మళ్లీ రెండడుగులు వేసి, మళ్లీ వెనక్కి చూసింది. ఆయన నవ్వు ఆపుకోలేక నా భుజం పట్టుకున్నారు. "ఉందిరా, వెనకే ఉంది, పద" అన్నాను నేను. తోట చేరేదాకా అది అలా చూస్తూనే ఉంది.