కరగనన్న మంచు

నాందేడ్‌లో ఎండలు మండిపోయే మధ్యాహ్నాల్లో నేను ఉత్తర అమెరికాను మంచుతో కప్పేదాన్ని. యూనివర్సిటీ కంప్యూటర్ గదిలో కిటికీ పక్క కుర్చీ నాది. వెనుకటి మంచు యుగంలో ఖండాల మీద ఎంత మంచు పేరుకుంది, దానివల్ల సముద్రం ఎంత కిందికి దిగింది, మళ్లీ ఎలా పైకి వచ్చింది అన్నది నా పీహెచ్‌డీ విషయం. సముద్రపు నీరే ఆవిరై, మంచుగా కురిసి, నేల మీద కరగకుండా ఉండిపోతే సముద్రం వంద మీటర్లకు పైగా దిగిపోతుంది. అదంతా కంప్యూటర్‌లో లెక్కకట్టి, పాత తీరాల్లో పగడాలు వదిలిన గుర్తులతో సరిచూడాలి.

నా చిక్కల్లా ఒకటే. నా మంచు పెరిగేది గానీ కరిగేది కాదు. ఎండ ముదిరే కాలం వచ్చినా అంచులు కాస్త తడిసి మళ్లీ గడ్డకట్టేవి. తెర మీద సముద్ర మట్టాన్ని చూపే గీత అడుగునే పడి ఉండేది.

నాకు గైడ్‌గా ఉన్న సార్ మరాఠీ ఆయన, మంచి మనిషి. ఒకరోజు ఆ గీత చూసి, "విషయ్ బదల్" అన్నారు. విషయం మార్చెయ్ అని. బిలోలి, నాయ్‌గావ్ వైపు భూగర్భజలాల మీద పనిచేస్తే త్వరగా తేలిపోతుందని చెప్పి, "మంచూ చూడలేదు, సముద్రమూ చూడలేదు. నీకెందుకీ పట్టు?" అన్నారు.

"మంచు యుగాన్ని ఎవరు చూశారు సార్?" అన్నాను.

ఆయన నవ్వలేదు. "సరే, దీపావళి దాకా చెయ్. అప్పటికీ కరగకపోతే నా మాట వినాలి" అన్నారు.

భూగర్భజలాలంటే నాకు చిన్నచూపు లేదు. బోర్లు ఎండిపోతే కూలి దొరకని ఇంట్లోనే పెరిగాను. కానీ ఎందుకు కరగడం లేదో తెలుసుకోకుండా ఆ మంచును వదిలిపెట్టడం నా వల్ల కాలేదు.

ఆ ఆదివారం బస్సెక్కి, బిలోలి అవతల, తెలంగాణ సరిహద్దున మంజీర నది దగ్గరున్న మా ఊరికి వెళ్లాను. అమ్మను మేం అవ్వ అంటాం. సోయా చేలో కలుపు తీసి అవ్వ అప్పుడే ఇంటికొచ్చింది.

"ఏందే, మొకం గట్ల పెట్టినవ్?" అంది.

"సార్ ఇడిసిపెట్టుమంటుండు అవ్వా. మంచు కరుగుతలేదు. అది కరుగకుంటే నా లెక్క తప్పయితది."

అవ్వ కాళ్లు కడుక్కుంటూ ఆలోచించింది. "బారావిల ఫేలైతే మీ బాపు మిషిన్ కుట్టుడు నేర్సుకొమ్మన్నడు. ఇన్నవా? మల్ల రాసినవ్. గిప్పుడెందుకు ఇంటవ్?"

"గది వేరే అవ్వా. గది పన్నెండో తరగతి, గిది పీహెచ్‌డీ."

"ఏం వేరే? తిని పండు. పొద్దుగాల బస్సుకు పో."

తిరిగొచ్చి ప్రోగ్రామును మొదటి వరుస నుంచి చదవడం మొదలుపెట్టాను. గాలి, ఎండ, మంచు కురవడం, జారడం అన్నీ విడివిడిగా పరీక్షించాను. వానలు జోరందుకున్న రోజుల్లో మంచు కింది నేల దగ్గరికి చేరాను. ఆ ప్రోగ్రాము నా చేతికి వచ్చినప్పటి నుంచీ అక్కడ నేల కదలని బండ. నిజానికి కిలోమీటర్ల మందాన మంచు కూర్చుంటే దాని బరువుకు భూమి కుంగుతుంది. నేల కుంగితే మంచు పైభాగం కూడా దిగి, వెచ్చటి గాలిలోకి వస్తుంది. మంచు తగ్గడం మొదలైనా నేల వెంటనే లేవదు, వేల ఏళ్లు తీసుకుంటుంది. ఈలోగా మంచు పల్లంలో ఉండి ఇంకా కరుగుతుంది. ఇదంతా ఎప్పుడో చదివిందే. నా మంచుకు ఇదే అడ్డమని మాత్రం తట్టలేదు.

కుంగే నేలను రాసి చేర్చాను. లెక్క బరువెక్కి రోజుల తరబడి నడిచేది. మధ్యలో కరెంటు పోతే అంతా తుడిచిపెట్టుకుపోయేది. రెండుసార్లు అలా పోయాక, ఆగిన చోటి నుంచే మళ్లీ అందుకునేలా ప్రోగ్రామును మార్చాను. ఇక కరెంటు పోతే బయటికెళ్లి చాయ్ తాగి వచ్చేదాన్ని.

ఒక మధ్యాహ్నం మంచు అంచులు వెనక్కి తగ్గడం మొదలుపెట్టాయి. ఆగలేదు. అడుగున పడి ఉన్న గీత లేచి నిలబడింది. పరుగున వెళ్లి సార్‌ని పిలుచుకొచ్చాను. ఆయన కళ్లజోడు సవరించుకుని చూసి, "సముద్ర ఆలా!" అన్నారు. సముద్రం వచ్చేసింది. మరుక్షణమే తెర మీద వేలు పెట్టి, "కానీ చాలా ముందే వచ్చేసింది" అన్నారు.

నిజమే. పగడాలు చెప్పినదానికంటే వేల ఏళ్ల ముందే నా సముద్రం పొంగింది. నేల లేచే వేగాన్ని మారుస్తూ మళ్లీ మళ్లీ నడిపాను. దీపావళి సెలవులకు ముందు, పీహెచ్‌డీ పనిని పరిశీలించే కమిటీ ఎదుట నిలబడేనాటికి, ఒక్కచోట తప్ప నా గీత పగడాల గుర్తుల వెంటే నడుస్తోంది. కమిటీలో ఒకరు సరిగ్గా ఆ చోటే పట్టుకుని, ఇక్కడెందుకు తేడా అని అడిగారు.

"ఇంకా తెలియదు సార్. వెతుకుతున్నాను" అన్నాను.

పని కొనసాగించమన్నారు. సార్ మళ్లీ విషయం మార్చమనలేదు. ఆ తేడా ఇప్పటికీ ఉంది. అది దక్షిణ ధ్రువపు మంచు వల్లేనని నా అనుమానం. దాన్ని విడిగా లెక్కకట్టే భాగం ఈ వారమే రాయడం మొదలుపెట్టాను.