అద్దాలక్కకు అందని నాణెం

ఆ వీధిలో అందరికీ ఆమె అద్దాలక్క. కింద కళ్ళజోళ్ల దుకాణం, పైన ఒంటి గది కాపురం. కాపురం అనడం మర్యాదకే. ఆ గదిలో ఆమె, ఒక పాత కంప్యూటరు తప్ప ఇంకేమీ లేదు. గోడ మీది అక్షరాల అట్టలో ఆఖరి వరుస చదవలేనివాళ్లను గద్దించే ఈ మనిషి, తన తెర మీద ఐదు నెలలుగా కనబడుతున్న నాలుగు ముక్కలు చదవలేదు. చదివి ఉంటే ఈ కథే లేదు.

కంప్యూటరు తమ్ముడిది. రోజంతా దాని ముందే కూర్చుంటున్నాడని, ఆరేళ్ల కిందట, దుకాణంలో నలుగురి ముందు "తిని కూర్చోడానికే పుట్టావా?" అనేసింది. వాడు మారు మాట్లాడకుండా చొక్కా తొడుక్కుని వెళ్లిపోయాడు. కాలు జారితే తీసుకోగలం గాని, నోరు జారితే తీసుకోలేం. కంప్యూటరులో మాత్రం, అక్క కోసం వాడు పెట్టిన క్రిప్టో వాలెట్, అంటే కంప్యూటరు నాణేలు దాచుకునే సంచి, ఉండిపోయింది. ఒకరి లెక్కల పుస్తకాన్ని నమ్మకూడదట, లోకంలో ఆ నాణేలతో జరిగే లావాదేవీలన్నీ మన ఇంట్లో కంప్యూటరులోనే రాసి ఉండాలట. వాడి మొండితనం అది.

వాడు వెళ్లిన నెలకి అందులో వాడు పంపిన చిన్న నాణెం ముక్క ఒకటి వచ్చి పడింది. దాంతో గుక్కెడు టీ కూడా రాదు. నీ ముష్టి ఎవరికి కావాలి అనుకుని, వాడు కాగితం మీద రాసిపెట్టిన పద్ధతి చూసుకుంటూ తిప్పి పంపేసింది. పై నెల ఒకటో తారీకున మళ్ళీ వచ్చింది. మళ్ళీ పంపింది. అలా జరుగుతుండగా ఏ నెలలోనో కోపం కాస్తా అలవాటైంది, అలవాటు కాస్తా మాటైంది. ఉన్నావా అని వాడు, ఉన్నాను అని ఈమె. ఫోన్ నంబర్లు ఇద్దరి దగ్గరా ఉన్నాయి. కానీ ముందు చేసినవాళ్లు ఓడినట్టు. పంతానికి ఆ ఇంట్లో ఎప్పుడూ కరువు లేదు.

ఐదు నెలల కిందట నాణెం రాలేదు. వాలెట్ తెరిస్తే కాసేపు పాత లెక్కే కనబడి, ఇంగ్లీషులో ఏదో రాసి ఉన్న పెట్టె వచ్చేది. ఆమె ఓకే నొక్కేది, అంతా మూసుకుపోయేది. తమ్ముడు మానేశాడనే అనుకుంది. మొదటి నెల తిట్టుకుంది, రెండో నెల భయపడింది. మూడో నెల నుంచి ఒక్క ప్రాణానికి వంటేమిటని రొట్టె ముక్కతో సరిపెట్టుకుంది. లోకంలో తనను గుర్తుపెట్టుకునే ఆ ఒక్కడూ మర్చిపోయాడన్న దిగులు ఆమెను లోపల్లోపలే తినేసింది.

చివరికి అదే కంప్యూటరులో దుకాణం బిల్లులు కూడా సేవ్ కావడం మానేస్తే, పక్క సందులో జిరాక్స్ షాపు ఆయన్ని పిలిచింది. ఆయన బిల్లులు చూశాడు, వాలెట్ చూశాడు, ఆ పెట్టెలోని ముక్కలు చదివాడు.

"ఏమీ చెడిపోలేదక్కా, డిస్కులో చోటు లేదంతే. లోకం లెక్కంతా తెచ్చి ఇంట్లో పెట్టుకుంటే ఎక్కడ పడుతుంది?"

"మరి నాణెం?"

"వస్తే ఎక్కడికీ పోదు. నీ పుస్తకమే ఐదు నెలల కింద ఆగిపోయింది."

ముందు వాలెట్ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఆమె చేతిలో పెట్టాడు. తర్వాత ఆ లెక్కల పుస్తకంలో పాత పేజీలు చెరిపేసి కొత్తవి మాత్రమే ఉంచుకునేలా సెట్టింగు మార్చాడు. ఆగిన చోటు నుంచి లెక్క మళ్ళీ రాసుకుంటూ, తెర మీద తారీకులు నత్తనడకన కదిలాయి.

రెండు రోజులు ఆమె దుకాణం తెరవలేదు. మొదటి ఒకటో తారీకు వచ్చింది, నాణెం ఉంది. ఒక్కతే కూర్చుని నవ్వుకుంది. పదో తారీకున ఇంకొకటి కనిపించింది. ఎందుకో అర్థం కాలేదు. పై నెలలో నాలుగు. ఆ తర్వాతి నెలలో రోజుకొకటి. అప్పుడు తెలిసింది ఆమెకు. మాట మానేసింది వాడు కాదు, తను. జవాబు రాక వాడు అడుగుతూనే ఉన్నాడు, రోజూ.

తర్వాత ఒక రోజుతో అవి ఆగిపోయాయి. తారీకులు ఇంకో రెండు నెలలు నడిచి, నేటి దాకా వచ్చాయి. ఇంకేమీ లేదు.

ఓడితే ఓడానని ఫోన్ చేసింది. నాలుగో రింగుకు ఎత్తాడు. ఆరేళ్లుగా దాచుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు.

"డిస్కు నిండిపోయిందిరా" అంది.



"నువ్వు పోయావనుకున్నా" అన్నాడు తమ్ముడు. "ఫోన్ చేస్తే ఇంకెవరో ఎత్తి ఆ మాట చెబుతారని చెయ్యలేదు. ఏడవడం కూడా అయిపోయిందక్కా."

గొంతులో నిష్ఠూరం లేదు. ఎక్కడో ఒక గదిలో వాడు ఒక్కడే తనకోసం ఏడ్చి, మొహం కడుక్కుని, మళ్ళీ పనికి వెళ్లిపోయాడని ఆమెకు అప్పుడు తెలిసింది.